ఇంప్లాంట్ వేస్తే ఉన్న కాస్త వినికిడీ పోతుందా?

ప్రశ్న: నా వయసు 46 ఏళ్లు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమస్తాగా పనిచేస్తున్నాను. చాలా ఏళ్లుగా రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుంటున్నాను. మిల్లు మోత, లారీల చప్పుడు, మగవాళ్ల గొంతు వినిపిస్తాయి గానీ, ఎదుటివారు ఏమంటున్నారో తెలియడం లేదు. హైదరాబాద్‌లో డాక్టర్ గారు కుడి చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్‌తో లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) వేయించుకోమన్నారు. ఆపరేషన్ చేస్తే ఉన్న వినికిడి కూడా పోతుందని మా బావమరిది అంటున్నాడు. నిజమేనా? నాకు షుగర్ ఉంది. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గ్రాఫు) జతచేస్తున్నాను.
– పేరు వద్దన్న పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీ బావమరిది గారి మాటను కొట్టిపారేయలేను. ఒకప్పుడు దాదాపు పూర్తి చెవుడు ఉన్నవారికే ఇంప్లాంట్ వేసేవారు కాబట్టి, ఆ చెవిలో మిగిలిన కొద్దిపాటి వినికిడి పోయినా ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. 1993లో జర్మన్ సర్జన్ లెన్‌హార్ట్ లోపలి చెవికి వీలైనంత తక్కువ దెబ్బ తగిలేలా ఆపరేషన్ చేసే ‘సాఫ్ట్ సర్జరీ’ పద్ధతిని వివరించారు. 1999లో ఫ్రాంక్‌ఫర్ట్‌కు చెందిన వాన్ ఇల్‌బెర్గ్ బృందం ఒకే చెవిలో ఇంప్లాంట్‌నూ సహజ వినికిడినీ కలిపి వాడవచ్చని చూపింది. ఆ తర్వాత ఉన్నదాన్ని కాపాడడం కూడా సర్జన్ బాధ్యతల్లో ఒకటైంది.

మీ ఆడియోగ్రామ్‌లో కుడి చెవి గీత 250 హెర్ట్జ్ దగ్గర 40 డెసిబెల్స్ వద్ద, 500 దగ్గర 50 వద్ద ఉండి, 1000 దాటగానే నిట్టనిలువుగా దిగి 2000 దగ్గర 95కు చేరింది. హెర్ట్జ్ పెరిగేకొద్దీ ధ్వని సన్ననిది, డెసిబెల్స్ పెరిగేకొద్దీ అది వినిపించాలంటే అంత గట్టిగా ఉండాలి. అంటే గొంతులోని బరువు, అచ్చులు మీకు అందుతున్నాయి. స, చ, త, క వంటి హల్లులను విడదీసే సన్నని ధ్వనులు అందడం లేదు. మిల్లులో ఎవరైనా ‘సంచి’ అన్నా ‘కంచి’ అన్నా మీకు ఒకేలా వినిపించేది అందుకే. ఇలాంటి చెవిలోనే వినికిడిని కాపాడుకునే అవకాశం ఎక్కువ. కాక్లియా అనే లోపలి చెవి భాగం నత్తగుల్లలా సుమారు రెండున్నర చుట్లు తిరిగి ఉంటుంది. దాని ముఖద్వారం దగ్గరి భాగం సన్నని ధ్వనులను, లోపలి కొస బొంగురు ధ్వనులను గ్రహిస్తుంది. ఇంప్లాంట్‌లో లోపలికి జొప్పించే సన్నని తీగ, అంటే ఎలక్ట్రోడ్, ముఖద్వారం వైపు నుంచే వెళ్తుంది కాబట్టి, అది ఎక్కువగా ఆనేది మీకు ఇప్పటికే పనిచేయని భాగాన్నే.

ఇక చేతి పని. కాక్లియాలోకి దారి అయిన రౌండ్ విండో అనే చిన్న రంధ్రంపై ఉండే పలచని పొరను తెరిచేటప్పుడు ఎముక పొడి గానీ రక్తం గానీ లోపలికి పోకుండా చూస్తారు. లోపలి ద్రవాన్ని పీల్చెయ్యకుండా, మెత్తగా వంగే సన్నని ఎలక్ట్రోడ్‌ను నిమిషాల తరబడి అతి నెమ్మదిగా జరుపుతారు. అడ్డు తగిలితే నెట్టకుండా ఆగుతారు. వాపు రాకుండా డెక్సామెథాసోన్ వంటి స్టెరాయిడ్ ఇస్తారు. స్టెరాయిడ్ వల్ల షుగర్ పెరుగుతుంది కనుక, మీకు షుగర్ ఉన్న సంగతి సర్జన్‌కూ, మత్తు డాక్టర్‌కూ ముందే చెప్పండి. కొన్ని కేంద్రాల్లో ఎలక్ట్రోడ్ లోపలికి వెళ్తుండగానే చెవి స్పందనను కొలుస్తారు, అది పడిపోతుంటే చేయి ఆపుతారు.

ఎలక్ట్రోడ్ పొడవు గురించి తప్పక అడగండి. పొట్టిదైతే మిగిలిన వినికిడికి ముప్పు తక్కువ. కానీ ఆ వినికిడి ఎప్పుడైనా పోతే, బొంగురు ధ్వనుల వైపు అది సరిగా అందుకోలేదు. పొడవైనది అందుకు భిన్నం. మీ వయసులో రెంటికీ మధ్యస్థంగా ఉండే మెత్తని ఎలక్ట్రోడ్‌కే నేను మొగ్గుతాను, అయితే స్కాన్‌లో కాక్లియా కొలత చూసి సర్జన్ చెప్పేదే చివరి మాట.

ఇంత చేసినా ఎవరూ హామీ ఇవ్వలేరు. కొందరికి వెంటనే, మరికొందరికి వారాలూ నెలలూ గడిచాక, లోపల వాపు, మచ్చ కణజాలం ఏర్పడి వినికిడి తగ్గుతుంది. నిలిచినవారికి అదే చెవిలో సహజ ధ్వని, ఇంప్లాంట్ ధ్వని కలిసి, సంగీతం, నలుగురి మధ్య మాట మెరుగ్గా తెలుస్తాయి. నిలవకపోయినా ఇంప్లాంట్ మీకు హల్లులను అందిస్తుంది, ఎడమ చెవిని ఎవరూ ముట్టుకోరు. మాట అర్థం కాని ఆ కొద్ది వినికిడి కోసం మాటనే వదులుకోవద్దని నా గట్టి సలహా. ఈలోగా మిల్లులో మోత ఎక్కువగా ఉన్నచోట మిషన్లు తీసి, చెవులను కప్పే మఫ్‌లు పెట్టుకోండి. ఉన్నదాన్ని మోత కూడా హరిస్తుంది.

ప్రశ్న: మా పాపకు 20 నెలలు. పుట్టుకతోనే చెవుడు. బెరా పరీక్షలో (ధ్వనికి వినికిడి నాడి, మెదడు స్పందనను కొలిచేది) ఒక చెవి కొద్దిగా స్పందించింది. ఆ కొద్దీ పోతుందేమోనని పెద్దయ్యేదాకా ఆగమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక తల్లి, అచ్చంపేట

జవాబు: ఆగకండి తల్లీ. మాట నేర్చుకునే తొలి ఏళ్లు గడిస్తే మళ్లీ రావు. మిషన్ పెట్టి శిక్షణ ఇప్పించినా పాప మాటలు పట్టడం లేదని ఆడియాలజిస్టు తేల్చితే, ఇంప్లాంట్ ఆలస్యం చేయడం వల్లే నష్టం ఎక్కువ. పైన చెప్పిన జాగ్రత్తలన్నీ పిల్లల విషయంలోనూ పాటిస్తారు. చిన్నపిల్లలకు ఈ ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కింద ఉంది, కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో చేస్తారు. వయసు పరిమితి ఉంటుంది కనుక బెరా రిపోర్టుతో త్వరగా వెళ్లండి. మెదడు పొరల వాపు జ్వరం రాకుండా న్యూమోకాకల్ టీకా ఆపరేషన్‌కు కనీసం 2 వారాల ముందే పూర్తయ్యేలా చూసుకోండి.