గబ్బిలం సంగతి అడిగితే ముందు నెల చెప్పండి

ప్రశ్న: మగ గబ్బిలాల్లో వీర్యానికి సంబంధించిన గ్రంథులు మనిషిలో ఉన్నట్టే ఉంటాయా? జాతిని బట్టి మారతాయా?

మారతాయి. జాతిని బట్టే కాదు, నెలను బట్టి కూడా మారతాయి. ఈ రెండో ముక్క నాకు తెలిసొచ్చింది చదివి కాదు, తిట్లు తిని.

ఎమ్మెస్సీ జువాలజీలో నా ట్రేలోకి పురుగులు తినే చిన్న గబ్బిలం ఒకటి వచ్చింది. వెస్పర్ కుటుంబానిది, చలికాలమంతా నిద్రపోయే రకం. ఫార్మలిన్‌లో ఎన్నేళ్లు నానిందో, రెక్క విప్పబోతే పాత గొడుగులా బిగుసుకుపోయింది. కళ్లు మండిపోతుంటే వృషణాలు వెతికి పట్టుకున్నాను. చూస్తే వాడిపోయినట్టు ఇంతింతే ఉన్నాయి. ఇంకేముంది, రికార్డులో ‘ఎదగని మగది’ అని రాసేశాను.

మేడమ్ వచ్చి, నేను రాసింది చదివి, ఏమీ అనకుండా ఫోర్సెప్స్‌తో దాన్ని వెల్లకిలా తిప్పారు. తోక మొదట్లో, అటొకటి ఇటొకటి, చర్మం కింద రెండు ఉబ్బులు.

“ఇవేమిటి?”

“కొవ్వు, మేడమ్.”

“కోసి చూడు.”

కోశాను. కొవ్వు కాదు, చుట్టలు చుట్టలుగా ఎపిడిడిమిస్ తోక, అంటే వృషణం నుంచి వచ్చిన శుక్రకణాలు నిలవుండే గొట్టం చివరి భాగం. ఈ గబ్బిలాల్లో దాని మీద నల్లటి పొర ఉంటుంది. పిల్ల గబ్బిలంలో అయితే నల్లగా, చిక్కగా కనిపిస్తుంది. దీంట్లో లోపల శుక్రకణాలు కిక్కిరిసి పొర సాగిపోయింది, నల్లచుక్కల మధ్యనుంచి తెల్లగా కనబడుతోంది. “నువ్వు పసివాడని రాసింది పెళ్లికొడుకుని” అన్నారు మేడమ్. ల్యాబంతా నవ్వు.

జరిగేది ఏమిటంటే, చలి ప్రాంతాల వెస్పర్ గబ్బిలాలు శుక్రకణాలను ఎండాకాలంలో తయారు చేసుకుంటాయి. చలి మొదలయ్యేసరికి వృషణాలు ముడుచుకుపోతాయి. కానీ సరుకంతా ఎపిడిడిమిస్ తోకలో భద్రంగా ఉంటుంది, గ్రంథులు మాత్రం ఉబ్బే ఉంటాయి. జతకట్టేది అప్పుడే మరి. మిల్లు మూసేశారు, గోదాము నిండుగా ఉంది. ఆడది కూడా ఆ కణాలను గర్భాశయంలో నెలల తరబడి దాచుకుని, వసంతంలో గానీ అండం విడుదల చేయదు. వృషణాలు చూసి వయసు చెప్పేవాళ్లంతా ఇక్కడే బోల్తా పడతారు.

అదే రోజు రెండో తప్పు కూడా చేశాను. మూత్రాశయం మెడ దగ్గర ఉబ్బెత్తుగా ఒకటి కనిపిస్తే ‘శుక్రాశయం’ (వీర్యద్రవం తయారుచేసే సంచి లాంటి గ్రంథి) అని లేబుల్ పెట్టాను, మనిషి బొమ్మలో అక్కడ అదే ఉంటుంది కాబట్టి. “దాని నాళం చూపించు” అన్నారు మేడమ్. సూదితో అరగంట వెతికినా విడిగా నాళం దొరకలేదు. అది శుక్రవాహిక (ఎపిడిడిమిస్ నుంచి శుక్రకణాలను మోసుకొచ్చే గొట్టం) గోడే మందమై గ్రంథిగా మారిన ఆంపుల్లరీ గ్రంథి. శుక్రాశయం శుక్రవాహిక నుంచి పక్కకి చీలిన సంచి. ఇది చీలదు, వాహికతోనే పోతుంది.

ఇక అసలు పోలికకి వస్తాను. పండ్లు తినే పెద్ద గబ్బిలాల్లో, అంటే టెరోపస్ లాంటివాటిలో, నిజమైన శుక్రాశయాలే ఉంటాయి, వీర్యానికి ద్రవం కలిపే మిగతా గ్రంథులు, అంటే ప్రోస్టేట్, కౌపర్ గ్రంథులూ ఉంటాయి. వాటి వరకు మనిషి బొమ్మతో నెట్టుకురావచ్చు. దక్షిణ అమెరికాలో ఉండే ఆర్టిబియస్ ప్లానిరోస్ట్రిస్ అనే గబ్బిలానికి శుక్రాశయాలే లేవు. దాని ప్రోస్టేటే మూడు భాగాలుగా ఉంటుంది. కౌపర్ గ్రంథులు పొట్టలో కాదు, బయట చర్మం కింద ఉంటాయి. గుర్రపునాడా గబ్బిలాల్లోనైతే జతకట్టాక గ్రంథుల స్రావం గడ్డకట్టి ఆడదాని యోనిలో గట్టి బిరడా తయారవుతుంది. ఇన్ని తేడాలున్నా మన పుస్తకాల్లో ‘క్షీరదం’ అంటే మనిషి, కాదంటే ఎలుక. కుక్కకి శుక్రాశయాలూ లేవు, కౌపర్ గ్రంథులూ లేవు, అదేమైనా క్షీరదం కాకుండా పోయిందా?

నాకు ఇంకో కడుపుమంట ఉంది. 2006లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం గబ్బిలాల వృషణాల బరువు జాతిని బట్టి శరీర బరువులో 0.12 శాతం నుంచి 8.4 శాతం దాకా ఉంటుంది. డెబ్భై కిలోల మనిషికి లెక్కేస్తే దాదాపు ఆరు కిలోలు! ఇది విన్నవాళ్లంతా నోరెళ్లబెట్టి, కాసేపు నవ్వుకుని, అక్కడితో ఆగిపోతారు. గ్రంథుల గోడు ఎవరికీ పట్టదు. మనిషి వీర్యంలో సగానికి పైగా శుక్రాశయాల నుంచే వస్తుంది, అయినా పేరు మాత్రం వృషణాలకే. పరిశోధన చేసేవాళ్లలోనూ కొందరు గ్రంథి పొడవు మిల్లీమీటరులో పదో వంతు దాకా కొలుస్తారు, జంతువుని ఏ నెలలో పట్టారో మాత్రం రాయరు. నా దృష్టిలో ఆ కొలతకి విలువ లేదు.

ఆ రికార్డు ఇంకా నా దగ్గరే ఉంది. ‘ఎదగని మగది’ అన్న మాట కొట్టేసి ఉంది, పక్కన మేడమ్ ఎర్రసిరాతో ఒకే మాట రాశారు: ‘నెల?’ అప్పుడే వెళ్లి జాడీ మీద చీటీ చూశాను. జాతి పేరు ఉంది, సీసా నంబరు ఉంది, పట్టినవాళ్ల సంతకం కూడా ఉంది. నెల లేదు.