సర్జ్‌ను ‘పోటు’ అనవచ్చా?

సందేహం: మా అపార్ట్‌మెంట్ మీటర్ల బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించాం. నోటీసులో దాన్ని ‘విద్యుదాఘాత నిరోధకం’ అని రాశాను. ‘ఉప్పెన కవచం’ అనాలని మా మిత్రుడి పట్టు. ఏది ఒప్పు?
– ఒక పాఠకుడు, కాకినాడ

సమాధానం: ముందు ఆ నోటీసు మార్చండి. విద్యుదాఘాతం అంటే మనిషికి కొట్టే షాకు. మీరు పెట్టించిన పరికరం మనుషుల కోసం కాదు. దగ్గర్లో పిడుగు పడినప్పుడో, పెద్ద మోటారు ఆగినప్పుడో తీగల్లో ఉన్నట్టుండి లేచే వోల్టేజిని (అదే సర్జ్) ఎర్తు దారి పట్టించి టీవీలను, ఫ్రిజ్‌లను కాపాడుతుంది. ఎర్తింగ్ సరిగా లేకపోతే ఆ పనీ సరిగా చేయలేదు. షాకు నుంచి మనిషిని కాపాడడానికి ఉన్నది ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరాను వెంటనే ఆపేసే స్విచ్చి. మీ నోటీసు నమ్మి ఎవరైనా తడిచేత్తో స్విచ్చి ముట్టుకుంటే ఏం కాను? పెద్ద సంస్కృత సమాసం వేస్తే చాలు, శాస్త్రం పలికినట్టేనన్న భ్రమ ఈమధ్య మరీ ఎక్కువైంది.

‘ఉప్పెన’కు ఆధారం లేకపోలేదు. తుపానుకు సముద్రం ఊళ్ల మీదికి రావడాన్నీ ఇంగ్లిషులో సర్జ్ అనే అంటారు. కానీ 1977 నవంబరులో దివిసీమను ముంచేసిన దాని పేరు ప్లగ్గు బోర్డుకు పెట్టడానికి నాకు మనసొప్పదు.

మనకు ‘పోటు’ ఉంది కదా! కరచు నుంచి కాటు వచ్చినట్టే పొడుచు నుంచి పోటు వచ్చింది. పొడవడానికి గుచ్చడమనీ అర్థమే, పైకి రావడమనీ అర్థమే. ఎద్దు పొడుస్తుంది, పొద్దూ పొడుస్తుంది. పోటులో ఈ రెండు ఛాయలూ నిలిచాయి. బల్లెపు పోటు, గుండెపోటు మొదటి వైపువి. సముద్రపు ఆటుపోట్లు, వరద పోటెత్తడం రెండో వైపువి. రక్తపోటు అన్న మాటను ఎవరు పుట్టించారో గానీ, వారికి దండం పెట్టాలి. డాక్టరు దగ్గరికెళ్లే ప్రతివాడికీ అర్థమవుతుంది. ఇక తీగల్లో సర్జ్ చేసే పని చూడండి. వోల్టేజి 230 నుంచి ఒక్కసారిగా వేలల్లోకి లేస్తుంది, సెకనులో లక్షల వంతు కాలంలో పొడిచి పోతుంది. లేవడమూ ఉంది, పొడవడమూ ఉంది. ఇంతకన్నా అతికే మాట నాకు తోచడం లేదు. (తిరుమలలో ప్రసాదాలు వండే పోటు సంగతి వేరు.)

‘కరెంటు ఎక్కువొచ్చి టీవీ కాలిపోయింది’ అని ప్రతిదాన్నీ ఒకే గాటన కట్టడం మాత్రం మానాలి. 260 వోల్టులు గంటల తరబడి నిలిస్తే అది పోటు కాదు, అధిక వోల్టేజి. దానికి స్టెబిలైజరు కావాలి.

కాబట్టి ‘వోల్టేజి పోటు’ అని నిస్సంకోచంగా రాయండి. పరికరాన్ని ‘పోటు నిరోధకం’ అంటే తెలుగు మాటకు సంస్కృత మాటను అతికించిన వైరిసమాసమని కొందరు ముఖం చిట్లిస్తారు. నాకంత పట్టింపు లేదు. అయితే ఎలక్ట్రీషియన్‌కు తెలిసింది సర్జ్ ప్రొటెక్టరే గనక నోటీసులో ఆ పేరు కూడా పక్కనే ఉంచండి.