షిట్జూ కుక్కపిల్లకి దొడ్డికి రాకపోతే ముందు తోక కింద చూడండి
అక్కా, మీ రెండు నెలల షిట్జూ పిల్ల రెండ్రోజులుగా ముక్కుతోంది, ఏడుస్తోంది, ఏమీ రావట్లేదు, పెద్దవాళ్ళు ఆముదం పట్టమంటున్నారు అన్నారు. ఆముదం పక్కన పెట్టి ముందు తోక ఎత్తి చూడండి. పొడుగు బొచ్చు పిల్లల్లో చాలాసార్లు అది మలబద్ధకమే కాదు. మెత్తగా పోయినది బొచ్చుకి అంటుకుని, మన తిరుపతి ఎండకి అట్టకట్టి, దారి మూసేస్తుంది.

అదే అయితే పీకొద్దు, చర్మం లేచొస్తుంది. గోరువెచ్చని నీళ్ళలో ముంచిన గుడ్డ కాసేపు అద్ది ఉంచండి, చల్లారితే మళ్ళీ ముంచండి. బాగా నానాక వేళ్ళతో కొంచెం కొంచెంగా విడదీయండి. మిగిలిన బొచ్చుని మొన లేని కత్తెరతో, చర్మానికి దువ్వెన అడ్డం పెట్టి కత్తిరించండి. పిల్లని ఇంకొకరు పట్టుకోవాలి, ఒక్కరివల్ల అయ్యే పని కాదు. తర్వాత పొడిగా తుడవండి, తడి ఉంటే పుండు పడుతుంది, ఈగలు వాలతాయి.

అక్కడ శుభ్రంగానే ఉందా? అప్పుడు నీళ్ళు బాగా తాగించండి, పెడిగ్రీ లాంటి కుక్కల తిండి నానబెట్టి పెట్టండి, ఉప్పూ ఉల్లీ లేకుండా ఉడికించిన గుమ్మడికాయ ఒక చిన్న చెంచాడు కలపండి. ఎముకలు మానేయండి. సబ్బుముక్క, మనుషులకి వెనకనుంచి ఎక్కించే ఎనిమా మందు మాత్రం వద్దే వద్దు. ఫాస్ఫేట్ ఎనిమా అంత చిన్న ప్రాణాన్ని తీసేయగలదు.

వాంతులు, పొట్ట ఉబ్బు, తిండి మానేయడం, వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా ఆగొద్దు. చిన్న జాతి పిల్లలు పస్తుంటే ఒంట్లో చక్కెర పడిపోతుంది. ఊళ్ళోనే వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది కదా, తీసుకెళ్ళండి. నులిపురుగుల మందు ఎప్పుడు వేశారో గుర్తు పెట్టుకోండి, అడుగుతారు.