కొబ్బరినూనెకూ అప్పు రాసుకుంటోంది

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. మావారు ఆర్టీసీలో రిటైరయ్యారు. ఏడేళ్ల కిందట బాలల సంక్షేమ కమిటీ ద్వారా పదకొండేళ్ల పిల్లను ఫోస్టర్ కేర్‌లో, అంటే దత్తత కాకుండా పెంచే బాధ్యత మీద, తెచ్చుకున్నాం. ఆ పిల్లకు మొన్ననే పద్దెనిమిది నిండాయి. కానూరులో కన్వీనర్ కోటాలో ఇంజినీరింగ్ సీటొచ్చింది. హైదరాబాద్‌లో ఉండే మా అబ్బాయి ‘చట్టప్రకారం మన బాధ్యత తీరింది, హాస్టల్లో వేసేయండి, ఇక పైసా పెట్టకండి’ అంటున్నాడు. వాడి మేనేజ్‌మెంట్ సీటుకు ఊళ్లో అరెకరం అమ్మాం. ఆ మాటలు విన్నప్పటి నుంచి ఆ పిల్ల బస్ ఛార్జీ సహా అన్నీ నోటు పుస్తకంలో రాసుకుంటోంది. నిన్న ‘కొబ్బరినూనె 48’ అని కనిపించింది. ఉద్యోగం రాగానే తీర్చేస్తుందట. చట్టం ఏమంటుందో చెప్పండి.

జవాబు: చట్టం సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. 2015 బాలన్యాయ చట్టం కింద ఫోస్టర్ కేర్ పద్దెనిమిదేళ్ల వరకే. కేంద్రం పథకం మిషన్ వాత్సల్య కింద మీకు నెలకు 4,000 వస్తుంటే అదీ అంతటితో సరి. బాలల హోముల నుంచి బయటికొచ్చే పిల్లలకు 21 ఏళ్ల దాకా ఆఫ్టర్ కేర్ సాయం ఉంది. మీ అమ్మాయికి ఏం కుదురుతుందో జిల్లా బాలల సంరక్షణ విభాగంలో కనుక్కోండి. అర్జీ రాసిచ్చి రశీదు తీసుకోండి, నోటిమాట నమ్మొద్దు. పద్దెనిమిది నిండిన పిల్లను ఇంట్లో ఉంచుకోవద్దని మాత్రం ఏ చట్టమూ అనదు.

అయినా ఇది మీ ప్రశ్న కాదమ్మా, మీ అబ్బాయిది. ‘నువ్వు ఊరుకో నాయనా’ అని మీరు అనలేక, ఆ మాట చట్టం చేత అనిపిద్దామని చూస్తున్నారు. కొడుకంటే మీకు భయం. ఆర్టీసీ పింఛను ఏపాటిదో నాకూ తెలుసు, మా బాబాయిది చూశాను. రేపు మంచాన పడితే అతనే దిక్కని ఇవాళ నోరు కట్టేసుకుంటున్నారు. అలా నోరు కట్టుకున్న తల్లిని ఏ కొడుకూ ఎక్కువ గౌరవించగా నేను చూడలేదు.

అతని అసలు టెన్షన్ ఇంటి వాటా గురించేమో. ఫోస్టర్ కేర్ దత్తత కాదు, దాంతో వారసత్వ హక్కు రాదు. ఆ ముక్క సూటిగా చెప్పేయండి. అరెకరం సంగతీ ఎత్తండి. దెప్పినట్టుంటుందని మొహమాటపడకండి, కాస్త దెప్పినా తప్పులేదు. అతను ఏ పుస్తకంలో రాసుకున్నాడు ఆ అరెకరాన్ని?

హాస్టల్ చెడ్డదని అనను. అమ్మాయి తనంతట తాను కోరితే పంపండి. వెళ్లినా, దసరా సెలవులకు హాస్టల్ ఖాళీ అయితే బ్యాగు సర్దుకుని ఎక్కడికి రావాలో ఆ పిల్లకు అనుమానం ఉండకూడదు. అన్నట్టు, ఉత్తరం పొడవునా ‘ఆ పిల్ల’ అనే రాశారు. నాకు ఆ మాట గుచ్చుకుంది.

రేపు జీతం వచ్చాక చీర తెస్తే మురిసిపోయి కట్టుకోండి. తలకు రాసుకున్న నూనెకు బాకీ మాత్రం వద్దు. ఆ పుస్తకం మీరు లాక్కుంటే ఇంకెక్కడో దాచి రాస్తుంది. ఈసారి అబ్బాయి ఫోన్ చేస్తే పెరట్లోకి వెళ్లి గుసగుసలాడకండి. హాల్లోనే కూర్చుని, అమ్మాయికి వినపడేలా చెప్పండి. అంతకుముందు మీవారిని అడగండి. ఇంత పెద్ద ఉత్తరంలో ఆయనేమంటున్నారో ఒక్క ముక్క లేదు.