చెన్నై గుడ్లగూబల ఈకలు ఏరబోయే సింధుకు

చి. సింధుకు ఆశీస్సులు.

చెన్నైలోని చుక్కల గుడ్లగూబల్లో జన్యువైవిధ్యం పల్లెల కంటే తగ్గిందేమో చూస్తానన్నావు. మంచి పనమ్మా. కానీ ఇందులో తప్పు జవాబు ల్యాబ్‌లో కంటే ముందు చెట్టు కిందే పుడుతుంది.

అర్జెంటీనాలో బొరియల్లో ఉండే గుడ్లగూబల మీద 2018లో వచ్చిన జీనోమ్ (మొత్తం డీఎన్ఏ) అధ్యయనం చదువు. అక్కడి మూడు నగరాల్లోకీ అవి విడివిడిగా, కొద్దికొద్దిగా చేరాయి, అందుకే నగర పక్షుల్లో వైవిధ్యం తక్కువ. ఆ ఫలితం ఇక్కడికి అంటించకు. అక్కడ గుడ్లగూబ ఊళ్లోకొచ్చింది, ఇక్కడ ఊరే గుడ్లగూబ మీదికొచ్చింది. నష్టం ఉన్నా మెల్లగా, చెట్లున్న చోట్లు ఒకదానికొకటి తెగిపోయిన కొద్దీ వస్తుంది. గిండీ అడవి, ఐఐటీ ఆనుకునే ఉన్నాయి, వాటిని రెండు జనాభాలుగా రాయకు.

ముందు అనుమతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఇచ్చే పత్రం చేతికొచ్చాకే రాలిన ఈకైనా ముట్టుకో. గూళ్లు అయిపోయాక ఈకలు రాలుస్తాయి గనుక వేసవి నుంచి ఏరు, అక్టోబరు వానలకు ముందే ముగించు. తడిసినవి, ఎండకు వెలిసినవి వదిలేయ్.

రెక్క ఈకే కావాలి. కాడ చివర బోలుగా ఉండే భాగం పైన, ఈక పీచు మొదలయ్యే చోట చిన్న రంధ్రం కనిపిస్తుంది. అక్కడ ఎండిన నెత్తురు ముదురు చుక్కలా అంటుకుని ఉంటే అదే నీ నిధి. కాడ కొనకంటే దాన్నుంచే డీఎన్ఏ మేలుగా వస్తుంది. ఒక్కో ఈకనూ వేరే కాగితం కవరులో పెట్టి, తేమ పీల్చే సిలికా జెల్ వేసిన డబ్బాలో దాచు. ప్లాస్టిక్ కవరులో వద్దు, చెన్నై ఉక్కకు బూజు పడుతుంది. కవరు మీద తేదీ, జీపీఎస్, చెట్టు రాయి.

ల్యాబ్‌లో ప్రోటీన్లను కరిగించే ప్రోటీనేజ్ కె ఎంజైముతో పాటు డీటీటీ అనే రసాయనం కూడా వెయ్యి, అది లేకుంటే ఈకలోని గట్టి ప్రోటీన్ కెరాటిన్ సరిగా కరగదు. 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచు. బయటి డీఎన్ఏ కలిసిందేమో తెలియడానికి ఈక లేని ఖాళీ ట్యూబు ప్రతి విడతలోనూ నడవాలి. ఈకలో డీఎన్ఏ తక్కువ గనుక డీఎన్ఏ నకళ్లు తీసే పీసీఆర్‌లో ఒక్కోసారి రెండు అల్లీళ్లలో (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే జన్యు రకాల్లో) ఒకటి పడిపోతుంది, రెండు రకాలున్న పక్షి ఒకే రకమున్నట్టు కనబడుతుంది. అందుకే ప్రతి మైక్రోశాటిలైట్‌నూ (పక్షికీ పక్షికీ తేడా చూపే, చిన్న ముక్క మళ్లీమళ్లీ వచ్చే డీఎన్ఏ చోటు) కనీసం మూడుసార్లు నడుపు. పల్లెలో నెత్తురు, పట్నంలో ఈకలు తీసుకుని పోల్చావో, పట్నం పక్షుల్లో కనిపించే వైవిధ్యం కొరత ఉత్తుత్తిదే అవుతుంది. రెండు చోట్లా ఈకలే తీసుకో.

ఇంకొకటి మరీ ముఖ్యం. ఒకే చెట్టు కింద నాలుగు ఈకలు దొరికితే నాలుగు పక్షులని లెక్కపెట్టకు. అవి ఒకే పక్షివి కావచ్చు, తల్లీపిల్లలవీ కావచ్చు. జన్యురూపాలు పోల్చి ఒకే పక్షివి తీసేయ్, ఒక్కో గూటి నుంచి ఒక్కదాన్నే లెక్కలో ఉంచు. అలా వడగట్టాక జనాభాకు 25–30 పక్షులు మిగలాలి. ఒక చోట 18 మాత్రమే మిగిలితే రేరిఫాక్షన్ అనే లెక్కతో అన్నిటినీ 18 పక్షుల సమాన నమూనాకి దించి అల్లీళ్ల సంఖ్య పోల్చు. హెటెరోజైగోసిటీ (రెండు వేర్వేరు అల్లీళ్లున్న పక్షుల వాటా) ఒక్కటే చూసి ఏమీ తగ్గలేదని తేల్చకు. జనాభా కుదించుకుపోయినప్పుడు ముందు పోయేవి అరుదైన అల్లీళ్లే.

అనుమతి దరఖాస్తులో చోట్ల పేర్లన్నీ విడివిడిగా రాయి, తర్వాత చేర్చాలంటే మళ్లీ మొదటికొస్తుంది. ముసాయిదా పంపితే చూసిపెడతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న