దుప్పి పిల్లను కాపాడాం, ఇప్పుడు కేసు అంటున్నారు. ఏం చేయాలి?

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో నల్లమల అంచున ఉన్న పల్లె. 22 రోజుల కిందట మా పత్తి చేనులో కుక్కలు ఒక జింకపిల్ల మీద పడితే నేనూ మా ఆయనా వాటిని తరిమి, పిల్లను ఇంటికి తెచ్చాం. ఒంటినిండా తెల్ల చుక్కలు. వెనక కాలికి గాయమైతే మండలంలోని పశువుల ఆసుపత్రిలో కట్టు కట్టించాం. సీసాతో మేకపాలు పట్టి బతికించాను. మొదటి రెండు రాత్రులు ఒక పెద్ద జింక చేని గట్టు మీదికి వచ్చి నిలబడింది, కొట్టంలోంచి ఇది అరిచింది. భయమేసి తలుపు తీయలేదు. ఇప్పుడది మా పాప వెంటే తిరుగుతోంది. మా మరిది దాని వీడియో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. మొన్న అటవీశాఖ బీట్ ఆఫీసర్ ఊళ్లోకి వచ్చి ఎవరింట్లో ఉందని అడిగాడట. రాత్రిపూట అడవిలో వదిలేసి, వీడియో తీసేస్తే గొడవ ఉండదని మరిది అంటున్నాడు. ప్రాణం కాపాడినందుకు శిక్షా? పెంచుకోవడానికి అనుమతి దొరుకుతుందా?
(ఒక పాఠకురాలు)

జవాబు: మీరు రాసింది రెండుసార్లు చదివానమ్మా. నేను వెతికింది ఒక్క ముక్క కోసం: అటవీశాఖకో పోలీసులకో ఎప్పుడు చెప్పారు? అది ఎక్కడా లేదు. అంటే ఇవాళ్టి దాకా చెప్పలేదు. మీ కేసంతా అక్కడే ఉంది.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972, సెక్షన్ 39 ప్రకారం ఇలా మనిషి చేతికి చిక్కిన అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి. అది ఎవరి దగ్గరికి వచ్చినా 48 గంటల లోపు దగ్గరలోని పోలీస్ స్టేషన్‌కు గానీ అధికారం ఉన్న అటవీ అధికారికి గానీ తెలియజేయాలి, అడిగితే అప్పగించాలి. కుక్కల నోటినుంచి తప్పించినందుకు మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టరు. తర్వాత 22 రోజులు మాట్లాడకుండా కూర్చోవడమే తప్పు.

ఆ 48 గంటలంటే ఏమిటో మీ ఉత్తరంలోనే ఉంది. రెండు రాత్రులు. తల్లి దుప్పి పిల్లను గడ్డిలోనో చేనులోనో పడుకోబెట్టి మేతకు పోతుంది, పాలివ్వడానికి మళ్లీ వస్తుంది. ఒంటరిగా కనబడిన ప్రతి పిల్లా తప్పిపోయింది కాదు. మీ గట్టు మీద నిలబడింది బహుశా దాని తల్లే. లోపలినుంచి పిల్ల అరుస్తోంది, బయట పెద్దది నిలబడి ఉంది. ఆ రాత్రి ఒక్క ఫోన్ చేసి ఉంటే దాన్ని తల్లి దగ్గరికి చేర్చే ప్రయత్నమైనా జరిగేది. ఇది చదివి మీరు బాధపడతారని తెలుసు, అయినా చెప్పక తప్పదు. ఈ శీర్షిక చదివే మిగతావాళ్లయినా రేపు ఆ ఫోన్ చేయాలి.

శిక్ష సంగతి. తెల్ల చుక్కలున్నాయన్నారు కాబట్టి అది చుక్కల దుప్పి పిల్లే అయి ఉండాలి. అది మన తెలంగాణ రాష్ట్ర జంతువు కూడా. 2022 సవరణ తర్వాత దుప్పి ఆ చట్టంలోని రెండో షెడ్యూల్‌లో, అంటే రెండో జంతువుల జాబితాలో ఉంది. దీనికి మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అదే కణుజు (సాంబర్) పిల్లో కృష్ణజింక పిల్లో అయితే మొదటి షెడ్యూల్ వర్తిస్తుంది, కనీస శిక్షే మూడేళ్లు. ఏ జంతువన్నది అధికారులు తేల్చాలి. మీరు కాగితంలో చుక్కలున్నాయని రాయండి, చాలు.

నెల దాటితే ఎవరూ పట్టించుకోరని అనుకోవద్దు. మూడేళ్ల దాకా శిక్ష పడే నేరాన్ని కోర్టు విచారణకు తీసుకోవడానికి మూడేళ్ల గడువుంది. పైగా పిల్ల మీ కొట్టంలో ఉన్నంతకాలం నేరం కొనసాగుతోందని వాదించవచ్చు, అప్పుడు ఆ గడువు రోజూ కొత్తగా మొదలవుతుంది.

సాక్ష్యం విషయానికి వద్దాం. ఇక్కడ చట్టం మీకు అనుకూలంగా లేదు. మామూలు కేసుల్లో తప్పు చేశారని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి. ఇందులో జంతువు మీ దగ్గర ఉందని తేలితే చాలు, అది అక్రమంగానే ఉందని సెక్షన్ 57 కింద కోర్టు అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది మీరే. మరి మీ దగ్గర ఏముంది? పాపకు దాని మీదున్న ప్రేమ సాక్ష్యం కాదు. పశువుల ఆసుపత్రి చీటీ సాక్ష్యం. మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసినా, మీ చేతిలో ఉన్న గట్టి కాగితం అదొక్కటే. మొదటి రోజు తేదీ, కాలి గాయం, కుక్క కాటు అని అందులో ఉంటే, మీరు వేటాడి పట్టుకోలేదనడానికి దానికి మించింది లేదు. ఆ చీటీ ఎక్కడుందో ఇప్పుడే వెతకండి. పోయి ఉంటే ఆసుపత్రి రిజిస్టర్‌లో నమోదు ఉంటుంది, నకలు అడగండి. ఒకవేళ కాంపౌండర్ "మేకపిల్ల" అని రాసి ఉంటే పెన్నుతో దిద్దకండి. ఉన్నది ఉన్నట్టే ఉంచండి, దిద్దితే ఆ చీటీకి విలువే పోతుంది.

ఇక మీ మరిది సలహా. అమ్మా, ఆ పని మాత్రం చేయవద్దు. స్టేటస్ 24 గంటల్లో పోతుంది గానీ చూసినవాళ్ల ఫోన్లలో స్క్రీన్‌షాట్లు ఉంటాయి. బీట్ ఆఫీసర్ ఊళ్లోకి వచ్చి అడిగి వెళ్లాక పిల్ల మాయమైతే, అమ్మేశారనో కోసుకు తిన్నారనో అనుమానం వస్తుంది. లేదని ఎలా చూపిస్తారు? సాక్ష్యం మాయం చేశారని ఇంకో నేరం అదనంగా పడుతుంది. ఇప్పటిదాకా ఉన్నది ఆలస్యం, అంతే. మరిది మాట వింటే అది దాచడం అవుతుంది. సర్పంచ్‌తో పాత తేదీ వేసి "అప్పుడే చెప్పారు" అని లెటర్ రాయించుకోవాలనే ఆలోచన వచ్చినా అంతే, ఆయన్నీ కేసులోకి లాగినట్టే.

పిల్ల సంగతి కూడా చూడండి. సీసా పాలకు అలవాటు పడ్డది, మనిషిని చూస్తే పారిపోనిది, చీకట్లో అడవిలో ఎన్ని గంటలు బతుకుతుంది? 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులిపిల్లలు దొరికితే ఊరివాళ్లు అటవీశాఖకు కబురు చేశారు. అన్ని ఏర్పాట్లతో తల్లి దగ్గరికి చేర్చాలని చూసినా కుదరక చివరికి తిరుపతి జూకు పంపారు. అధికారులకే అంత కష్టమైన పని మీ మరిది టార్చిలైటుతో చేయలేడు.

పెంచుకునే అనుమతి రాదు. ఆశ పెట్టుకోకండి, పాపకూ పెట్టకండి. ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీలో గాయపడ్డ సారస్ కొంగను కాపాడి ఏడాది పాటు సాకిన యువకుడికి కూడా 2023లో అటవీశాఖ నోటీసిచ్చి, పక్షిని తీసుకుపోయింది.

ఇవాళే చేయాల్సింది ఇది. తెల్లకాగితం మీద రేంజ్ ఆఫీసర్ పేరిట జరిగింది జరిగినట్టు రాయండి. ఎప్పుడు దొరికింది, ఏ సర్వే నంబరు చేనులో, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లారు, ఎందుకు చెప్పలేదు. "చట్టం తెలియదు, భయపడ్డాం" అన్నది నిజమైతే అదే రాయండి. తెలియకపోవడం తప్పును తుడిచేయదు గానీ, తీవ్రత తగ్గించవచ్చు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో, స్టాంపుతో సంతకం తీసుకోండి. కాగితం తీసుకోబోమని వాళ్లంటే వాదన పెట్టుకోకుండా స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. పిల్లను బండి మీద వేసుకుని పోవద్దు. బెదిరితే దుప్పులు ఆ ఒత్తిడికే చనిపోవచ్చు. వాళ్లనే రమ్మనండి. అప్పగించేటప్పుడు పంచనామా రాయమని అడిగి, దాని నకలు అడగండి. వీడియో ఉన్న ఫోన్‌ను అమ్మవద్దు, రీసెట్ చేయవద్దు.

అధికారులు వాంగ్మూలం అడిగితే ఊరికే మాట్లాడేయకండి. అసిస్టెంట్ కన్సర్వేటర్ స్థాయి అధికారి మీ ఎదుట నమోదు చేసిన సాక్ష్యం కోర్టులో చెల్లుతుంది. ముందు 15100కు ఫోన్ చేయండి. ఆదాయం ఎంతున్నా మహిళలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. కేసు నమోదైతే, సెక్షన్ 54 కింద రాజీ రుసుము కట్టి ముగించుకునే వీలుందేమో ఆయనతో అడిగించండి. కనీస శిక్ష లేని నేరాలకే ఆ దారి ఉంది.

ఆ కాగితంలో ఇంకో మాట చేర్చండి. గట్టు మీద నిలబడ్డ పెద్ద దుప్పి ఏ వైపునుంచి వచ్చింది, ఎటు పోయింది, ఎన్ని గంటలప్పుడు. మంద ఇంకా ఆ చుట్టుపక్కలే మేస్తూ ఉంటే, పిల్లను దానికి దగ్గరగా అలవాటు చేయాలా, రెస్క్యూ సెంటర్‌కు పంపాలా అన్నది ఆ వివరం చూసి వాళ్లు నిర్ణయిస్తారు.