నీళ్లు పరీక్షిస్తే చాలదా, అడుగు బురద ఎందుకు తీస్తారు?

విశాఖ ఇన్నర్ హార్బర్‌లో మురుగు కలిసేచోట నీళ్లు పరీక్షిస్తే చాలదా అని అడిగారు. చాలదు. ఆటుపోట్లకు నీళ్లు గంటగంటకూ మారిపోతాయి. సీసం, జింకు, రాగి, కాడ్మియం మాత్రం సన్నటి బంకమట్టి రేణువులను పట్టుకుని అడుగుకు చేరి ఏళ్ల తరబడి ఉండిపోతాయి. ఇసుకలో లోహాలు సహజంగానే తక్కువ కాబట్టి, బురదలో బంకమట్టి ఎంతుందో సూచించే అల్యూమినియంతో నిష్పత్తి కట్టి పోల్చాలి. ఈ మెట్టు వదిలేసిన రిపోర్టును నేనైతే నమ్మను.

అక్కడి బురదనే అర మిల్లీమీటరు జల్లెడలో కడిగితే పురుగులు, గుల్లలు మిగులుతాయి. రకాలు తగ్గిపోయి, కాపిటెల్లా అనే ఎర్రటి సన్న పురుగే గుంపులుగా కనిపిస్తే సేంద్రియ మురుగు ఎక్కువైందని అనుమానించాలి. తప్పు లోహాలదా, ఆక్సిజన్ తగ్గడానిదా అన్నది పురుగు ఒక్కటే చెప్పదు. అందుకే పోల్చి చూడడానికి మురుగు చేరనంత దూరంగా, అదే లోతులో, అదే రకం బురద ఉన్న ఇంకో చోటు కూడా చూడాలి.